ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లేఆఫ్స్ ర్యాంకింగ్: ప్రధాన ఆటగాళ్లకు విశ్రాంతినిచ్చిన మ్యాచ్‌ను ఎలా లెక్కించాలి?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ దశ) జట్లకు ఎలో పద్ధతిలో (ప్రతి మ్యాచ్ తర్వాత గెలిచిన జట్టుకు పాయింట్లు కలిపి, ఓడిన జట్టుకు అన్నే తగ్గించే పద్ధతి) ర్యాంకులు ఇచ్చే పట్టికను ఎక్సెల్‌లో తయారు చేశాను. సగటు రేటింగ్ 1500, కె విలువ (ఒక్క మ్యాచ్‌తో రేటింగ్ గరిష్ఠంగా ఎంత మారవచ్చో చెప్పే సంఖ్య) 20. 2023 సీజన్‌తో దాన్ని పరీక్షిస్తుండగా చివరి వారం దగ్గర లెక్క చిక్కుపడింది.

బాల్టిమోర్ రేవెన్స్ అప్పటికే ఏఎఫ్‌సీలో (లీగ్‌లోని రెండు కాన్ఫరెన్స్‌లలో, అంటే విభాగాల్లో, ఒకటి) మొదటి సీడ్ (అగ్రస్థానం) ఖాయం చేసుకున్నందున, 2024 జనవరి 6న తమ క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపించే ఆటగాడు) లామార్ జాక్సన్‌కు విశ్రాంతినిచ్చి, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ చేతిలో 17-10 తేడాతో ఓడింది. అదే నెల 28న కాన్ఫరెన్స్ ఫైనల్లో పూర్తి బలంతో ఆడి కాన్సాస్ సిటీ చీఫ్స్ చేతిలోనూ సరిగ్గా 17-10తోనే ఓడింది. రెండు ఓటములకూ ఒకే బరువు ఇవ్వడం నాకు సమంజసంగా తోచడం లేదు.

మొదటి మ్యాచ్‌ను పూర్తిగా తీసేస్తే, ప్లేఆఫ్స్ బెర్తు కోసం గట్టిగా ఆడిన స్టీలర్స్‌కు అన్యాయం జరుగుతోంది. కె విలువను సగం చేసినా ఆ అన్యాయం సగం మిగులుతోంది. రేవెన్స్ పాయింట్లు తగ్గించకుండా స్టీలర్స్‌కు మాత్రమే కలిపితే, మొత్తం పాయింట్లు పెరిగి లీగ్ సగటు 1500 దాటిపోతోంది.

ఇక మిగిలిన దారి, ఆ ఒక్క మ్యాచ్ వరకు రేవెన్స్ రేటింగ్‌ను ముందే తగ్గించి గెలుపు అవకాశాన్ని లెక్కించడం. క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే కాక మరికొందరు ప్రధాన ఆటగాళ్లు కూడా ఆడనప్పుడు, ఆ తగ్గింపు ఎన్ని పాయింట్లు ఉండాలో ఏ ఆధారంతో నిర్ణయించాలి?