ఇంటి ముందు పెట్టిన సైకిల్ పోయింది. పోలీసులు కేసు కడతారా?

మౌలాలి_నాన్న:
నిన్న రాత్రి మా గేటు బయట నుంచి మా పెద్దోడి గేర్ సైకిల్ ఎత్తుకుపోయారు. కేబుల్ తాళంతో కరెంటు స్తంభానికి కట్టే ఉంది. పొద్దున పాల ప్యాకెట్ల కోసం వస్తే కోసిన కేబుల్ కింద పడుంది. పైన ప్లాస్టిక్ తొడుగు బొటనవేలంత లావు, లోపల తీగ చూస్తే పెన్సిల్ అంత కూడా లేదు. ఇన్నాళ్లూ దాన్ని నమ్ముకుని పడుకున్నాం. కిందటేడు 14,000 పెట్టి కొన్నాం, బిల్లుంది. స్టేషన్‌కి వెళ్తే కంప్లయింట్లు రాసుకునే రైటర్ "సైకిల్‌కి కేసేంటి సార్, కాగితం మీద రాసిచ్చి వెళ్లండి, దొరికితే ఫోన్ చేస్తాం" అన్నాడు. ఎవరికైనా పోయిన సైకిల్ దొరికిందా? కేసు కట్టించడానికి మార్గం ఏమైనా ఉందా?

తెనాలి_సుబ్బు:
అయ్యో, పిల్లాడి సైకిలా! దొరికిన బాపతు మాది ఒకటుందండి. హైస్కూలు ఆడపిల్లలకి ప్రభుత్వం సైకిళ్లిచ్చిన బడికొస్తా పథకంలో మా చెల్లికి వచ్చిన సైకిల్ అరుగు ముందు నుంచి మాయమైంది. ఊళ్లో ఆ సైకిళ్లన్నీ ఒకటే రంగు, ఒకటే అచ్చు. ఏది మాదని చెప్పాలి? అయితే క్యారియర్ విరిగితే వెల్డింగ్ చేయించాం, ఆ అతుకు బొడిపెలా లేచి ఉండేది. పంక్చర్ షాపు ఆయన అది చూసి గుర్తుపట్టి కబురు పెట్టాడు. ఎవడో రాత్రి ఆఖరి బస్సు కోసం తొక్కుకెళ్లి బస్టాండ్ గోడ పక్కన పడేసి పోయాడట. కాబట్టి ముందు దగ్గర్లో బస్టాపులు, రైల్వే స్టేషన్ సైకిల్ స్టాండు, వైన్ షాపు పక్క సందులు ఒక చుట్టు తిరిగి రండి.

కోర్టు_మెట్లు:
సుబ్బు గారిది తాళం లేని సైకిల్ అయి ఉంటుంది. ఇక్కడ కట్టర్ తెచ్చుకుని కోశాడంటే అవసరానికి తొక్కుకెళ్లినవాడు కాదు.

మౌలాలి గారూ, కేసు సంగతికి వస్తే: 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ 379 స్థానంలో భారతీయ న్యాయ సంహిత 303(2) వచ్చింది. దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు. కానీ ఒక మెలిక ఉంది. పోయిన వస్తువు విలువ 5,000 రూపాయల లోపు అయితే అది నాన్ కాగ్నిజబుల్. అంటే మెజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు, ఎఫ్‌ఐఆర్ బదులు డైరీలో రాసుకుని మిమ్మల్ని కోర్టుకి వెళ్లమంటారు. పాత సైకిళ్ల కేసులు చాలా వరకు అక్కడే ఆగిపోతాయి. మీది 14,000. కంప్లయింట్‌లో "నా సైకిల్ పోయింది" అని వదిలేయకుండా కొన్న తేదీ, ధర రాసి బిల్లు జిరాక్స్ జతచేయండి. అప్పుడు కట్టక తప్పదు. ఎఫ్‌ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోనంటే అదే కంప్లయింట్‌ని డీసీపీకి, జిల్లాల్లో అయితే ఎస్పీకి, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆన్‌లైన్‌లో ఇచ్చినా చెల్లుతుంది గానీ మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి.

కొండాపూర్_కోదండం:
లాయర్ గారూ, మాది అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పోయింది. పాతది, 4,000 కూడా చేయదు. అయితే ఇక అంతేనా?

కోర్టు_మెట్లు:
అంతే కాదు. నివాసం ఉండే భవనం లోపల జరిగితే సెక్షన్ 305 కింద అడగొచ్చు. దానికి ఏడేళ్ల దాకా శిక్ష, విలువతో పని లేదు. సెల్లార్ భవనంలో భాగమే అని వాదించండి. మౌలాలి గారిది గేటు బయట కాబట్టి ఆయనకి ఇది వర్తించదు.

గుంటూరు_రిటైర్డ్_హెచ్‌సీ:
సెక్షన్లు బాగానే చెప్పారు లాయర్ గారు. హెడ్ కానిస్టేబుల్‌గా చేసినవాణ్ని, స్టేషన్ లోపలి సంగతి నేను చెబుతా. కేసు కట్టడానికి బద్ధకం ఉంటుంది, కాదనను. పెండింగ్ లెక్కలో ఒకటి పెరుగుతుంది మరి. కానీ అసలు చిక్కు దొరికాక మొదలవుతుంది. ఒక దొంగని పట్టుకుంటే వాడి దగ్గర సైకిళ్లు వరసగా దొరికేవి. పోగొట్టుకున్నవాళ్లని పిలిస్తే "నల్లదండీ, కొత్తదండీ" అంటారు. అక్కడున్నవన్నీ నల్లవే. ఫ్రేమ్ నంబర్ చెప్పగలిగినవాడు నూటికి ఒకడు కూడా ఉండడు. స్టేషన్ వెనక గోడవారన తుప్పు పట్టిపోయినవి ఎన్నో. కేసు ఉండి, నంబర్ ఉంటే కోర్టులో పిటిషన్ వేసుకుని మీ సైకిల్ మీరు తెచ్చుకోవచ్చు. అవి లేకపోతే మీ కళ్ల ముందున్నా మా చేతుల్లో ఏం ఉండదు.

మౌలాలి_నాన్న:
హెచ్‌సీ గారూ, ఆ నంబర్ ఎక్కడుంటుంది? బిల్లు మీద మోడల్ పేరు తప్ప ఏం లేదు.

హన్మకొండ_సైకిల్_షాపు:
నేను చెప్త అన్నా. సైకిల్ తలకిందులు పెడితే రెండు పెడళ్ల నడుమ ఇరుసు ఉంటది గదా, దాని అడుగున కొట్టి ఉంటది. మట్టి, గ్రీజు పేరుకుని కనవడది, కిరసనాయిలు గుడ్డతోని తుడవాలె. కొన్నిటికి సీటు గొట్టం మీద, కొన్నిటికి హ్యాండిల్ కింద మెడ కాడ ఉంటది. మీది పోయింది కాబట్టి వారంటీ కార్డు చూడుర్రి, దాంట్ల రాస్తరు. లేకుంటే అమ్మిన షాపుకు పోయి అడుగుర్రి, మంచి షాపోళ్లయితే రిజిస్టర్ల రాసి పెడ్తరు.

ఇగ మిగిలినోళ్లు ఇయ్యాలనే నంబర్ ఫోటో దీసి పెట్టుకోండ్రి. ఇంకో పని జేయుర్రి. సీటు పైకి గుంజి, పేరు, ఫోన్ నంబరు రాసిన కాగితం చుట్టి ప్లాస్టిక్ కవర్ల పెట్టి ఆ గొట్టంల వేయుర్రి. రంగు మార్చినా, నంబర్ అరగదీసినా లోపల కాగితం ఉన్నదని దొంగకు తెల్వది. నా దగ్గరికి అమ్మనీకి తెచ్చినోళ్లను బిల్లు అడుగుత. సగం మంది "ఇంట్ల ఉన్నది, తెస్త" అని పోయి మళ్ల రారు. గేర్ సైకిల్ అయితే మొత్తంగ అమ్మరు, చక్రాలు ఒక దిక్కు, గేర్లు ఒక దిక్కు పోతయి.

గేటెడ్_కష్టాలు:
మా దగ్గర జరిగింది చెప్పాలి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ సైకిల్ ట్రాక్ వచ్చాక మా కాంప్లెక్స్‌లో ఖరీదైన సైకిళ్లు పెరిగాయి. ఒకరిది పోగానే అసోసియేషన్ గ్రూపులో మొదటి అరగంటలోనే వాచ్‌మన్ కొడుకు పేరు వచ్చేసింది. ఆ పిల్లాడు టెన్త్ చదువుతున్నాడు. వాళ్లమ్మ ఏడుస్తూ ఫ్లాట్ ఫ్లాట్‌కీ వెళ్లి చెప్పుకుంది. రెండో రోజు ఎవరికో ఫుటేజ్ చూడాలని తోచింది. చూస్తే సి బ్లాక్ అబ్బాయి స్నేహితుడితో కలిసి తొక్కుకుంటూ బయటికెళ్తున్నాడు. అప్పుడు మాత్రం గ్రూపులో ఎవరూ నోరెత్తలేదు, "పిల్లలు కదా" అన్నారు. దయచేసి మనుషుల్ని కాదు, ముందు కెమెరాని అడగండి. అదీ వెంటనే. కెమెరా రికార్డు దాచే డీవీఆర్ పెట్టె నిండగానే పాత రికార్డు మీద కొత్తది ఎక్కేస్తుంది. మౌలాలి గారూ, ఎదురింటివాళ్లది, మూల మీద కిరాణా కొట్టుది ఇవాళే పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి.

ఆఖెన్_తెలుగోడు:
జర్మనీలో చదువుకుంటున్నాను. ఇక్కడ కంప్లయింట్ ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఇచ్చేయొచ్చు, రైటర్‌ని బతిమాలక్కర్లేదు. కొన్ని వారాలకి ప్రాసిక్యూటర్ ఆఫీసు నుంచి మర్యాదగా ఉత్తరం వస్తుంది: దొంగ ఎవరో తెలియలేదు, కేసు మూసేశాం అని. సైకిల్ మాత్రం ఇక్కడా రాదు. తేడా ఇన్సూరెన్స్‌లో ఉంది. ఇంటి సామాను పాలసీ ఉంటే తాళం వేసిన సెల్లార్ పగలగొట్టి ఎత్తుకెళ్తే డబ్బులిస్తారు. వీధిలో పోతే ఇవ్వాలంటే సైకిల్ కోసం విడిగా కట్టాలి. వాళ్లు అడిగేవీ అవే: పోలీసు కేసు నంబర్, బిల్లు, ఫ్రేమ్ నంబర్.

కోర్టు_మెట్లు:
మన దగ్గరా కొన్ని హౌస్‌హోల్డర్ పాలసీల్లో పెడల్ సైకిల్ అని ఒక సెక్షన్ ఉంటుంది. ఏజెంట్ చెప్పడు, మనం అడగాలి.

మౌలాలి_నాన్న:
అందరికీ థాంక్స్. వారంటీ కార్డు బీరువాలో దొరికింది, నంబర్ ఉంది. బిల్లు జిరాక్స్, నంబర్, కిరాణా కొట్టు ఫుటేజ్ పెట్టి మళ్లీ వెళ్లాను. ఈసారి ఎస్సై గారే చూసి కేసు కట్టించారు, కాపీ చేతికొచ్చింది. ఫుటేజ్‌లో ఇద్దరున్నారు, మొహాలు సరిగ్గా లేవు, బండి నంబర్ సగం కనిపిస్తోంది. పెద్దోడు మాత్రం అప్పుడే కొత్త సైకిల్ బేరం పెట్టాడు. హన్మకొండ అన్నా, ఈసారి ఏ తాళం కొనమంటావు?

హన్మకొండ_సైకిల్_షాపు:
కేబుల్ వద్దే వద్దు. యూ లాక్ (యూ ఆకారంల ఉండే ఇనుప తాళం) గానీ, గట్టి చైన్ గానీ తీస్కో. చక్రానికి కాదు, ఫ్రేముకు పడాలె. ముందు చక్రం చేత్తో తిప్పితే ఊడేదైతే నట్టు మార్పియ్యి. యూ లాక్ మీ కరెంటు స్తంభానికి పట్టది, అందుకే గేటు లోపల గోడకు లావు ఇనుప కొక్కెం సిమెంటుతోని దింపియ్యి.

మౌలాలి_నాన్న:
అద్దె ఇల్లు అన్నా. మేకు కొట్టినా ఓనరు పైనుంచి దిగొస్తాడు.

కొండాపూర్_కోదండం:
ఆయన స్కూటీ కూడా అక్కడే పెడతాడేమో కనుక్కోండి. రెండిటికీ కలిపి ఒకటే కొక్కెం అంటే ఖర్చు కూడా ఆయనే పెట్టుకోవచ్చు.