'ద గ్రేట్ ఇండియన్ కిచెన్' చూశాక ఇంట్లో దేనితో మొదలుపెట్టాలి?

ప్రశ్న:
జియో బేబీ తీసిన ఈ మలయాళం సినిమా (2021) గురించి చర్చంతా అందులోని కొత్త కోడలు చివరికి ఇల్లు వదిలి వెళ్లిపోవడం మీదే. కాపురం నిలుపుకుంటూనే మార్పు కోరేవాళ్లకి ఇందులో ఏముంది? "ఆడవాళ్లని గౌరవించాలి" లాంటివి వద్దు, రేపు పొద్దున చేయగలిగేవి చెప్పండి.

జవాబు 1:
సింక్ కింద కారే పైపు చూడండి. ప్లంబర్ని పిలవమని ఆమె అడుగుతూనే ఉంటుంది, భర్త మరిచిపోతూనే ఉంటాడు. ఇంటిపని పంచుకోవడంలో చాలామంది బోల్తా పడేది ఇక్కడే. "ఏం చేయాలో చెప్పు, చేస్తా" అంటే గుర్తుపెట్టుకునే పని ఇంకా ఆవిడదే. కాబట్టి పనిని మొదలుకంటా అప్పగించాలి. రాత్రి వంట మీదైతే ఫ్రిజ్‌లో ఏముందో చూడటం, కూరగాయలు తేవడం, వండటం, మిగిలింది సర్దడం, స్టవ్ గట్టు తుడవడం, సింక్ జాలీలో మెతుకులు తీయడం దాకా మీదే. కూర కలిపి వచ్చేస్తే అది సాయం, అంతే. మొదట్లో ఉప్పు ఎక్కువవుతుంది, ఆలస్యమవుతుంది. అప్పుడు ఆవిడ "జరగండి, నేను చేస్తా" అన్నారో, కథ మళ్లీ మొదటికొస్తుంది.

జవాబు 2:
ఆ మామగారు గొంతు పెంచడు. అన్నం కుక్కర్‌లో వద్దు, కట్టెల పొయ్యి మీదే కావాలంటాడు, అదీ మెత్తగా. అందుకే కాదనడం కష్టం. "నాన్నా, పొద్దున కుక్కరే" అని కొడుకు చెప్పాలి. అదే మాట కోడలు అంటే ఎదురుచెప్పినట్టవుతుంది. అన్యాయమే, కానీ పని జరుగుతుంది. ఇక ఎంగిలి సంగతి: హోటల్లో పద్ధతిగా తిన్న భర్త ఇంట్లో నమిలి పారేసినవి బల్లమీదే వదిలేస్తాడు. అంటే తెలియక కాదు.

జవాబు 3:
వెళ్లిపోవడాన్ని అంత తేలిగ్గా పక్కన పెట్టకండి. వెళ్లగలిగే వీలుంటేనే ఇంట్లో మాట చెల్లుతుంది. భార్య సర్టిఫికెట్లు తన దగ్గరే ఉండాలి. బ్యాంకు ఖాతా తనొక్కదాని పేరునే, దానికి తన ఫోన్ నంబరే. ఉద్యోగం గురించి పెళ్లికి ముందు "తర్వాత చూద్దాం" అన్నారంటే వద్దన్నట్టే లెక్క. 2005 గృహహింస చట్టంలో కొట్టడం ఒక్కటే కాదు, మాటలతో అవమానించడం, డబ్బు అందకుండా చేయడం కూడా హింసే. సెక్షన్ 17 ప్రకారం ఇల్లు అత్తమామల పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఉంది. ఉండే హక్కే, వాటా కాదు, చాలామంది ఇక్కడ పొరబడతారు. ఫిర్యాదుకి ఈ చట్టం కింద నియమించిన రక్షణ అధికారిని కలవొచ్చు, లేదా మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు.

జవాబు 4:
మగపిల్లలున్నవాళ్లు సినిమాలో ఆ కోడలి పుట్టింటి సీను ఇంకోసారి చూడండి. తమ్ముడు మంచినీళ్లు అడిగితే తల్లి చెల్లెల్ని లేపుతుంది. ఆరేడేళ్ల పిల్లాడు తాగిన గ్లాసు తనే కడిగి బోర్లించగలడు.