విజ్ఞాన కల్పన కవితల పత్రికకు వెల పెట్టాలా?

అలిపిరి నివాసి: తిరుపతిలో ఐదుగురం కలిసి విజ్ఞాన కల్పన (సైన్స్ ఫిక్షన్) కవితలకు చిన్న పత్రిక తేవాలనుకుంటున్నాం. కవితలు పంపడానికి మరో పదిహేను మంది సిద్ధంగా ఉన్నారు. ప్రతికి 30 రూపాయలు వెల పెట్టాలని ఇద్దరు, ఉచితంగా పంచాలని ముగ్గురు పట్టుబడుతున్నారు. మీరేమంటారు?

చిత్తూరు పాఠకుడు: వెల వద్దంటాను. 1930లో షికాగోలో వెలువడిన 'ది కామెట్' తరువాత విజ్ఞాన కల్పన అభిమానులు సొంతంగా తెచ్చుకున్న పత్రికల్లో చాలావాటిని నిలబెట్టింది ఇచ్చిపుచ్చుకోవడమే. చదివి ఉత్తరం రాసినవారికి, రచన పంపినవారికి, తమ పత్రికను బదులుగా పంపినవారికి తరువాతి సంచిక అందేది. ముప్పై రూపాయలు చెల్లించినవాడు తన పని అయిపోయిందనుకుంటాడు. ఊరికే అందుకున్నవాడికి మాత్రం నాలుగు మాటలు రాయకపోతే బాకీ పడినట్టుంటుంది. కొత్తగా రాస్తున్న కవికి కావలసింది ఆ నాలుగు మాటలే.

తిరుచానూరు సభ్యుడు: బాకీ అన్నారు కాబట్టి అడుగుతున్నాను, జిరాక్స్ దుకాణం బాకీ ఎవరు తీరుస్తారండీ? ఉచితమంటే మీలో స్థోమత ఉన్న ఒకరు భరించడమే, రెండో సంచిక నాటికి ఏ కవిత వేయాలో కూడా ఆయనే చెప్పడమే. ఒక లిఖిత పత్రికలో పనిచేసినప్పుడు ఇది కళ్ళారా చూశాను. అమెరికాలో సుజెట్ హేడెన్ ఎల్జిన్ 1978లో స్థాపించిన విజ్ఞాన కల్పన కవితా సంఘం సభ్యుల నుంచి రుసుము తీసుకుంటూనే 'స్టార్‌లైన్' పత్రికను నడుపుతోంది, మంచి కవితలకు రిస్లింగ్ పురస్కారాలూ ఇస్తోంది. దానివల్ల అక్కడ కవిత్వం పలచబడిందని ఎవరూ అనలేరు.

చిత్తూరు పాఠకుడు: స్థోమత సంగతి ఒప్పుకుంటాను, కానీ దానికి విరుగుడు వెల కాదు. 1937లో ఏర్పడిన ఫ్యాంటసీ అమెచ్యూర్ ప్రెస్ అసోసియేషన్‌లో ప్రతి సభ్యుడూ తన పేజీలను తానే అచ్చువేసి, అందరికీ సరిపడా ప్రతులు ఒకరికి పంపితే, ఆయన వాటిని కట్టలు కట్టి తిరిగి అందరికీ చేర్చేవారు. జిగురు పలక మీద సిరా అద్ది ప్రతులు తీసే హెక్టోగ్రాఫ్‌లో యాభై దాటితే అక్షరాలు వెలిసిపోయేవి. మనకు ఆ తిప్పలు లేవు. ఇరవై మందీ రెండేసి పేజీలను ఇరవై ప్రతుల చొప్పున తీయించుకుంటే సంచిక సిద్ధం.

తిరుచానూరు సభ్యుడు: ఖర్చు సరే, నాసిరకం కవితను ఆపేదెవరు? మన దగ్గర వాతావరణ పరిశోధన కోసం పెట్టిన గాదంకి రాడార్‌లోని 1024 యాంటెన్నాలను వరుసగా వర్ణించి, పాదాలుగా విరిచి, విజ్ఞాన కల్పన అని చదివినవారిని మొన్న ఒక సభలో విన్నాను. ఆ యాంటెన్నాలకు ఆకాశంలో ఎవరి మాట వినిపించిందో చెప్పినప్పుడు కదా అది కల్పన అయ్యేది!

చిత్తూరు పాఠకుడు: ఆ ముక్కే ఆయనకు ఉత్తరంగా రాయండి. కవితను తిప్పి పంపితే ఆయనకు ఈ మాట తెలిసేదెలా?

అలిపిరి నివాసి: మొదటి సంచికకు పేజీలు పంచుకునే పద్ధతే పాటిస్తాం, తపాలా ఖర్చు మాత్రం అందరూ ముందుగా ఇవ్వాలి. తిరుచానూరు మిత్రులకు ఒక మనవి: ఆ రాడార్ కవిత నాదే. మీ ఉత్తరం కోసం ఎదురుచూస్తుంటాను.