ఎక్సెల్‌లో కాలమ్ జరిగినా బయటి ప్రోగ్రామ్ తప్పు చోట రాయకుండా ఎట్లా?

మిర్యాలగూడ కాటా

రైస్ మిల్లు కాటా కంప్యూటర్‌లో సీ షార్ప్ ప్రోగ్రామ్ ఒకటి ఉన్నది. వడ్ల తూకం అయినంక రైతు పేరు, బస్తాలు, గ్రాస్ (లోడుతో బరువు), టేర్ (ఖాళీ బండి బరువు), తేమ, రేటు, బ్యాంకు ఖాతా ఎక్సెల్‌లోకి పోవాలె. షీట్లు మూడు రకాలు: రైతుకిచ్చే తక్‌పట్టీ (తూకం చీటీ), మిల్లు రోజువారీ రిజిస్టర్, బ్యాంకుకు పంపే చెల్లింపుల లిస్టు. ఇప్పుడు కోడ్‌లో "నెట్ బరువు జీ కాలమ్, ఏడో వరుస నుంచి" అని రాసి ఉన్నది. గుమస్తా మధ్యల హమాలీ కాలమ్ చేర్చిండంటే బరువు పోయి హమాలీ కింద పడుతున్నది. ఎర్రర్ కూడా రాదు. షీట్‌ను గుమస్తా తన వీలును బట్టి మార్చుకోవాలె, నేను ప్రోగ్రామ్ మళ్ల కంపైల్ చేయొద్దు. కాటా కంప్యూటర్‌లో ఎక్సెల్ లేదు, ఆఫీసులో 2016 ఉన్నది. దారి చెప్పండన్నా.

పాలమూరు షీట్లు

కోడ్‌లో సెల్ అడ్రస్ ఒక్కటి కూడా ఉండొద్దు, పేర్లే ఉండాలె.

ఒక్కసారే వచ్చే వాటికి, అంటే తక్‌పట్టీ నంబరు, తేదీ, లారీ నంబరు లాంటి వాటికి, ఫార్ములాస్ ట్యాబ్‌లో నేమ్ మేనేజర్ తెరిచి పేర్లు పెట్టండి. పైన వరుస చేర్చినా, సెల్‌ను కట్ చేసి వేరే చోట పేస్ట్ చేసినా పేరు దానివెంటే పోతది. కాపీ చేస్తే మాత్రం పోదు. ఆ వరుసనే డిలీట్ చేస్తే పేరు మిగులుతది గానీ దాని అడ్రస్ రెఫ్ ఎర్రర్ అయితది, అంటే అది ఏ సెల్‌నూ చూపదు. ప్రోగ్రామ్ రాసే ముందు ఇది చూసుకోవాలె. ఇంకొకటి చాలామందిని తిప్పలు పెడతది: షీట్‌ను కాపీ చేస్తే అదే పేరు కొత్త షీట్ వరకే పరిమితమై ఇంకోటి పుడుతది. అందుకే ముందు షీట్ పేర్లలో వెతికి, దొరకకుంటేనే వర్క్‌బుక్ పేర్లలో వెతకండి.

వరుసలుగా వచ్చే వాటికి కంట్రోల్ టీ కొట్టి టేబుల్ చేయండి, దానికీ ఒక పేరు పెట్టండి. ప్రోగ్రామ్ టేబుల్ హెడర్లు చదివి, ఏ ఫీల్డ్ ఎన్నో కాలమో అప్పటికప్పుడు తేల్చుకోవాలె. టేబుల్‌లో ఒకే పేరుతో రెండు హెడర్లను ఎక్సెల్ ఉండనీయదు, రెండోదాని వెనుక అంకె తగిలిస్తది. మనకు అదే కావాలె. టేబుల్‌లో మెర్జ్ చేసిన సెల్స్ మాత్రం పనికిరావు. "తూకం" అని మూడు కాలమ్‌ల మీద పెద్ద హెడింగ్ కావాలంటే టేబుల్ పై వరుసలో పెట్టి, గ్రాస్, టేర్, నెట్ అన్నవి టేబుల్ హెడర్లుగా ఉంచండి.

గుమస్తా "నెట్ బరువు"ను "నికర తూకం" అని మార్చినా పని ఆగొద్దంటే, అదే వర్క్‌బుక్‌లో "మ్యాపింగ్" అనే షీట్ పెట్టి నాలుగు కాలమ్‌లు రాయండి: ప్రోగ్రామ్ ఫీల్డ్, షీట్ హెడర్, ఫార్మాట్, తప్పనిసరా కాదా. గుమస్తా దాన్నే మార్చుకుంటడు.

తెలుగు హెడర్లతో ఒక చిక్కున్నది. "టేర్" అని రెండుసార్లు టైప్ చేస్తే చూపుకు ఒక్కతీరే ఉంటయి గానీ, ఒకదాని చివర కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరం ఉండొచ్చు. పోల్చితే కలవవు, ట్రిమ్ కూడా దాన్ని తీయదు. పోల్చేముందు రెండు వైపులా యూనికోడ్ 200సీ (ఈ నాన్ జాయినర్), 200డీ (జాయినర్) అక్షరాలు తీసేసి, ఆల్ట్ ఎంటర్ లైన్ బ్రేకులు, డబుల్ స్పేసులు ఉన్నచోట ఒక్క స్పేస్ పెట్టండి.

తప్పనిసరి హెడర్ దొరకకుంటే ఒక్క సెల్ కూడా రాయకుండా ఆగి, ఏ హెడర్ లేదో చెప్పాలె. దగ్గరి పోలికతో ఊహించి రాయొద్దు. ఇవి రైతుకు చేరాల్సిన పైసలు.

నల్లగొండ డాట్‌నెట్

కాటా దగ్గర ఎక్సెల్ లేదు కాబట్టి కామ్ ఆటోమేషన్, అంటే ప్రోగ్రామ్ నుంచి ఎక్సెల్‌నే తెరిచి నడిపించడం, కుదరదు. ఉన్నా, మనిషి లేని సర్వీస్ నుంచి ఎక్సెల్ నడపడాన్ని మైక్రోసాఫ్ట్ సమర్థించదు: కనపడని డైలాగ్ ఒకటి తెరుచుకుంటే అక్కడే ఆగిపోతుంది. ఎక్సెల్ లేకుండానే ఎక్సెల్ ఫైల్ రాసే క్లోజ్డ్ ఎక్స్ఎంఎల్ లైబ్రరీ తీసుకోండి, ఎంఐటీ లైసెన్స్ కాబట్టి వ్యాపారానికీ ఉచితం. అలాంటిదే ఇంకో లైబ్రరీ ఈపీప్లస్‌కు ఐదో వెర్షన్ నుంచి వ్యాపార వాడకానికి లైసెన్స్ కొనాలి.

మొత్తాల వరుసను టేబుల్ కింద పెట్టకండి, పైన పెట్టండి. రోజూ వరుసలు పెరుగుతుంటాయి, కింద ఏమీ లేకపోతే దేన్నీ జరపాల్సిన పని ఉండదు. మొత్తం ఫార్ములాలో సెల్ రేంజ్ బదులు టేబుల్ పేరు, కాలమ్ పేరు వాడండి. పైథాన్‌లో ఓపెన్‌పైఎక్సెల్ లైబ్రరీ వాడేవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అందులో మధ్యన వరుస చేరిస్తే ఫార్ములాలు తమంతట తాము సరికావు.

ఖాతా నంబర్లు జాగ్రత్త. ఎక్సెల్ సంఖ్యలో 15 అంకెలే నిలబడతాయి. 16 అంకెల ఖాతాను సంఖ్యగా రాస్తే చివరి అంకె సున్నా అవుతుంది, ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. స్ట్రింగ్‌గానే రాసి, కాలమ్‌కు టెక్స్ట్ ఫార్మాట్ పెట్టండి. ఐఎఫ్ఎస్‌సీలో 11 అక్షరాలుంటాయి, అయిదోది ఎప్పుడూ సున్నా. అక్కడ సున్నా బదులు ఇంగ్లిష్ "ఓ" అక్షరం కొట్టారేమో ప్రోగ్రామ్‌లోనే పట్టుకోండి.

తేదీని స్ట్రింగ్‌గా కాక తేదీగానే ఇవ్వండి. 05/11 అని పంపితే నవంబరు 5 కాస్తా మే 11 కావచ్చు. బరువు కూడా అంతే: 40 కిలోల బస్తాలు 105 అయితే సెల్‌లో 42 అనే సంఖ్య ఉండాలి. "42 క్వింటాళ్లు" అని రాస్తే కూడికలో అది లెక్కకు రాదు. క్వింటాల్ అన్న మాట నంబర్ ఫార్మాట్‌లో పెట్టండి.

మిర్యాలగూడ కాటా

అమౌంట్ కాలమ్‌లో గుమస్తా ఫార్ములా ఉన్నది, తేమ 17 శాతం దాటితే తరుగు కూడా అందులోనే లెక్కకొస్తది. దాన్ని ప్రోగ్రామ్ ముట్టాల్నా? ఫైల్ ఆఫీసులో తెరిచి ఉంటే సేవ్ ఎట్లా?

పాలమూరు షీట్లు

విలువ రాయొద్దు. మ్యాపింగ్‌లో ఆ ఫీల్డ్‌కు "ఫార్ములా" అని గుర్తు పెట్టి, పై వరుసలోని ఫార్ములానే కొత్త వరుసకు కాపీ చేయించండి. లైబ్రరీ రాసిన ఫైల్‌లో ఫార్ములా ఉంటది గానీ లెక్కకట్టిన విలువ ఉండకపోవచ్చు. ఎక్సెల్‌లో తెరిస్తే వస్తది, కానీ బ్యాంకు లిస్టు తయారు చేసే కోడ్ నేరుగా చదివితే ఖాళీ కనిపిస్తది. క్లోజ్డ్ ఎక్స్ఎంఎల్‌లో సేవ్‌కు ముందు ఫార్ములాలు లెక్కించే ఆప్షన్ ఉన్నది, అది పెట్టండి. గుమస్తా ఫార్ములాను ముందుగా పది వరుసల మీద ఎక్సెల్ జవాబుతో సరిచూసుకోండి.

తెరిచి ఉన్న ఫైల్ మీద సేవ్ కాదు. తూకం వివరాలు ముందు డేటాబేస్‌లో పడాలె, ఎక్సెల్ దాన్నుంచి తయారవ్వాలె. కొత్త ఫైల్‌ను వేరే పేరుతో పూర్తిగా రాసినంకనే అసలు పేరుకు మార్చండి. ఫైల్ లాక్ అయి ఉంటే ఆ వరుసలు "పెండింగ్" గుర్తుతో నిలవాలె, తర్వాతి తూకంతో పాటు మళ్ల ప్రయత్నించాలె. ఒక్కో తూకానికి తక్‌పట్టీ నంబరే కీ. అదే నంబరు టేబుల్‌లో ఇప్పటికే ఉంటే కొత్త వరుస చేర్చకుండా ఆ వరుసనే దిద్దాలె, లేకుంటే ఒకే లారీకి రెండు చెల్లింపులు పోతయి.