సీరియల్‌ను సినిమాగా తీస్తే: సైన్స్ ఫిక్షన్‌లో ఏవి నిలబడ్డాయి?

తార్నాక తారలు: రాత్రి ‘సెరెనిటీ’ (2005) మళ్లీ చూశాను. ‘ఫైర్‌ఫ్లై’ 14 భాగాలు తీసి, 11 ప్రసారం చేసి ఆపేస్తే, అభిమానుల పట్టుదలతో వచ్చిన సినిమా. నాకు ప్రాణం. సీరియల్ చూడని మా తమ్ముడు మాత్రం అరగంటకే గురక పెట్టాడు. అలాంటివారిని కూడా కూర్చోబెట్టిన సినిమాలు ఏవి? తెలుగులో ఇది సాధ్యమేనా?

పాతకాపు, సికింద్రాబాద్: దూరదర్శన్‌లో అంతరిక్ష ఓడ సీరియల్ ‘స్టార్ ట్రెక్’ చూస్తూ పెరిగినవాణ్ని. 1979 నాటి మొదటి సినిమా క్యాసెట్ కొనితెచ్చి ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టాను. కెప్టెన్ కిర్క్ ఓడ చుట్టూ తిరుగుతూ దాన్ని చూస్తాడు, చూస్తాడు, చూస్తూనే ఉంటాడు. మా నాన్నగారు లేచి, “ఓడ ఎక్కాక పిలవరా” అని వరండాలోకి వెళ్లిపోయారు.

ఎడిటింగ్ బల్ల: కృష్ణానగర్‌లో 15 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను, వినండి. ఆ రోజుల్లో సీరియల్ నాయకుడు వారం చివరికి బయలుదేరిన చోటికే రావాలి. సినిమాలో అతనికి ఏదో ఒకటి పోవాలి. మొదటిదాని ఖర్చులో మూడో వంతు కూడా పెట్టని 1982 నాటి రెండో సినిమా అందుకే ఆడింది. 1967లో సీరియల్ ఒక్క భాగంలో కనిపించిన విలన్ ఖాన్‌ను వెనక్కి తెచ్చారు, కిర్క్‌కు చత్వారం కళ్లజోడు పెట్టారు, అతని ప్రాణమిత్రుడు స్పాక్‌ను చంపేశారు.

కొత్త సభ్యుడు: స్పాక్ చనిపోతాడా! ఆదివారం చూద్దామనుకున్నాను. మీకో నమస్కారం.

ఎడిటింగ్ బల్ల: నలభై ఏళ్లు ఆగాను బాబూ.

ఆబిడ్స్ ఫుట్‌పాత్: అందులో ఖాన్ ఓడ సిబ్బందిలోని చెకోవ్‌ను చూడగానే గుర్తుపడతాడు. ఖాన్ కథ మొదటి సీజన్‌ది, చెకోవ్ వచ్చింది రెండో సీజన్‌లో. 15 ఏళ్ల అనుభవానికి ఇది కనబడలేదా?

ఎడిటింగ్ బల్ల: తెర మీద లేకపోతే ఓడలోనే లేడా? నాలుగు వందల మందికి పైగా ఉన్న ఓడ అది. వంటవాణ్ని కూడా మనం చూడలేదు, అందరూ పస్తులున్నారా?

ఆబిడ్స్ ఫుట్‌పాత్: మా అమ్మ చూసే సీరియల్‌లో అల్లుడి ముఖం మారినప్పుడు కూడా ఇలాంటి సమర్థనే విన్నాను.

పాతకాపు, సికింద్రాబాద్: ఖాన్ వేషంలో మోంటల్బాన్ ఆ చేతి తొడుగు విప్పుతుంటే చెకోవ్ ఎవరికి గుర్తుంటాడయ్యా!

ఆబిడ్స్ ఫుట్‌పాత్: నాకు గుర్తున్నాడు. తప్పును తప్పంటే ఇంత ఉలుకెందుకు?

మెహదీపట్నం మేడమ్: ఆ ఓడ దిగరా మీరు? ‘ఎక్స్ ఫైల్స్’ 1998లో హాల్లో చూశాను. ఐదో సీజన్‌కూ ఆరో సీజన్‌కూ మధ్య వంతెనలా వేసిన సినిమా. ముద్దుకు ఒక్క వేలెడు దూరంలో నాయిక స్కలీని తేనెటీగ కుడితే, నేను అయ్యో అన్నాను, పక్కావిడ “వీళ్లిద్దరూ ఏమవుతారు?” అని అడిగింది. ఐదేళ్ల ఎదురుచూపు ఆవిడకు ఒక్క ముక్కలో ఎలా చెప్పను? 2008లో ఆ గొడవలేవీ లేకుండా విడి కథ తీశారు. అది పెద్దగా ఆడలేదు.

తార్నాక తారలు: తెలుగు సంగతి...

ఎడిటింగ్ బల్ల: ముందు సీరియల్ ఉండాలి కదా. ‘ఆదిత్య 369’ నేరుగా సినిమాగానే వచ్చింది. పాతకాపు గారూ, ఆ 1979 క్యాసెట్ ఇంకా ఉందా? ఆడించే పెట్టె నా దగ్గర ఉంది.

పాతకాపు, సికింద్రాబాద్: ఉంది. బూజు పట్టింది. ఓడ ఎక్కేదాకా బాగానే ఆడుతుంది.