తొమ్మిదేళ్ల పిల్లలకు దివ్యసత్ప్రసాదం గురించి ఎలా చెప్పాలి?

మా కతోలిక విచారణలో (చర్చి పరిధిలో) ప్రథమ సత్ప్రసాదానికి, అంటే పూజలో క్రీస్తు శరీరంగా మారే అప్పాన్ని మొదటిసారి స్వీకరించడానికి, సిద్ధమవుతున్న పద్నాలుగు మంది పిల్లలకు ఆదివారం పూజ తర్వాత పాఠం చెబుతున్నాను. ఇంకా మూడు వారాలే ఉంది. ఒక పాప అడిగింది: "రుచి అప్పంలాగే ఉంటుందట కదా, మరి క్రీస్తు శరీరం ఎలా అయింది?"

యోహాను 6వ అధ్యాయం చదివించాను. "ఇది నా శరీరము" అని క్రీస్తు అన్న మాట గుర్తుచేశాను. రూపం, రుచి అలాగే ఉండి లోపలి సారమే పూర్తిగా మారుతుందని 1551లో కతోలిక సభ పెద్దల ట్రెంట్ మహాసభ ప్రకటించిన సంగతీ చెప్పాను. పిల్లలకు "సారం" అనే మాటే అందలేదు.

పాలు పెరుగవడం చెప్పి చూశాను. అక్కడ రుచి, రూపం రెండూ మారతాయి, ఇక్కడ జరిగేది దానికి సరిగ్గా ఉల్టా. కాగితం రూపాయి నోటు అయినట్టు అన్నాను. అది మనం ఇచ్చుకునే విలువే, సత్ప్రసాదం వట్టి గుర్తు అనుకుంటారని ఫాదర్ గారు వద్దన్నారు. ఆయన మాట నిజమే. క్రీస్తు నిజంగా అక్కడ ఉన్నారన్నదే కదా అసలు విశ్వాసం! అది పిల్లల మనసులో తప్పుగా పడుతుందేమోనని నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

ఈ వయసు పిల్లలకు పాఠం చెప్పినవాళ్లు, "గుర్తు మాత్రమే" అనే అర్థం రాకుండా ఈ మార్పును తెలుగులో ఏ మాటలతో, ఏ ఉదాహరణతో వివరించారు?