అప్‌డేట్: నాన్నకు వేసిన నొప్పి ఇంజెక్షన్ సంగతి

పోయిన వారం అడిగాను కదా, కిడ్నీలో రాయి నొప్పికి నాన్నకు బస్కోపాన్ ఇంజెక్షన్ వేస్తే నోరు ఎండిపోయి చూపు మసకబారిందని. నిన్న అనంతపురంలో డాక్టరమ్మను కలిశాం. మూత్రనాళం కండరాల బిగువును సడలించే మందట అది. నోరెండడం, మసక, గుండెదడ మామూలేనట.

డబ్బాలోని కాగితం మడతలు విప్పి, చీమతలంత అక్షరాల మీద పెన్ను పెట్టి చూపించారు: 20 మి.గ్రా. ఆంప్యూల్ (చిన్న గాజు మందుసీసా), నరానికైతే నెమ్మదిగా ఎక్కించాలి. వైద్యం తీసుకోని నారో యాంగిల్ గ్లకోమా (కంట్లో నీరు బయటికి పోయే దారి ఇరుకై ఒత్తిడి పెరిగే జబ్బు), మూత్రం బిగుసుకుపోవడం, మయస్తీనియా గ్రావిస్ (కండరాలు నీరసించే జబ్బు) ఉంటే వేయకూడదు.

"కంట్లో చుక్కలేమైనా వేస్తున్నారా?" అన్నారు. వేస్తున్నాం, గ్లకోమాకే! ఆ రాత్రి క్యాజువాలిటీలో ఎవరూ అడగలేదు, టెన్షన్‌లో మేమూ చెప్పలేదు. కంటి ఫైలు తిరగేసి, నాన్నది ఆ ఇరుకు రకం కాదు, ఓపెన్ యాంగిల్ అని తేల్చాక ఊపిరి పీల్చుకున్నాం. నాన్న మాత్రం, "నొప్పి పోయింది గదప్పా" అంటాడు.